రెండో చెవి

జిరాక్స్ బాబాయికి ఉన్న గర్వమల్లా ఒక్కటే. ఆయన తీసిన కాపీని అసలు కాగితం పక్కన పెడితే ఏది ఏదో ఆ కాగితం రాసినవాడు కూడా చెప్పలేడు. ఆస్తులూ డిగ్రీలూ లేని మనిషికి ఆ మాత్రం గర్వం చాలు. కాకపోతే మనిషిని ముంచేది కూడా వాడికున్న ఆ ఒక్క గర్వమే. లేని వాటితో ఎవరూ మునగరు.

మూడంతస్తుల భవనం కింద, మెట్లని ఆనుకుని ఆయన షాపు. మంచం వేస్తే తలుపు పడనంత గది. అందులోనే ఒక రంగుల కాపీ మిషను, ఒక పాత నలుపు-తెలుపు మిషను, లామినేషన్ మిషను, స్పైరల్ బైండింగుకి చిల్లులు పొడిచే యంత్రం, వీటన్నిటి మధ్య బాబాయి, ఆయన ఎడంపక్క ఎత్తుపీట మీద పిన్ని. పిన్ని అంటే ఆయన భార్య. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆయన బాబాయీ, ఆమె పిన్నీ. సొంత పిల్లలు లేనివాళ్లకి వరసలు ఊరికే దొరుకుతాయి, ఖర్చు లేని వ్యవహారం కదా.

టేబులు డ్రాయర్లో మూడు రబ్బరు ముద్రలుండేవి. ఒకటి షాపు పేరుది. రెండోది ఎర్ర సిరాతో కొట్టే 'నకలు' ముద్ర. మూడోది ఎవరికీ చూపించనిది. ఎర్ర ముద్ర వెనక ఒక నియమం ఉంది. కుర్రతనంలో ఆయనకి పని నేర్పిన టైపు మాస్టారు ఒట్టేయించుకుని మరీ చెప్పాడు: "సంతకం ఉన్న కాగితం కాపీ తీశావంటే మూల మీద ఎర్ర ముద్ర కొట్టందే చేతికివ్వకు. సంతకం ఒకసారే పెడతారు, నువ్వు దాన్ని రెండు చెయ్యకు." ముప్పై ఒక్క ఏళ్లు బాబాయి ఆ మాట తప్పలేదు. ఒక్కసారి తప్పాడు. ఈ కథ ఆ ఒక్కసారిది.

పిన్నికి చెవుడు ఒక్కరోజులో రాలేదు. కాగితం ఇరుక్కుంటే మిషను చేసే కీచుశబ్దం ముందు పోయింది. తర్వాత ఫోను, ఆ తర్వాత తలుపు చప్పుడు. చివరికి మొగుడి గొంతు. ఏడేళ్లపాటు మొగుడూ పెళ్లాల సంసారమంతా చెడిపోయిన కాపీల వెనక వైపు నడిచింది. "అన్నం తిన్నావా", "కరెంటు బిల్లు కట్టావా", "నీ తమ్ముడు మళ్లీ అప్పుకొచ్చాడు" ఇవన్నీ ఎవరివో మార్కుల లిస్టుల వెనక, ఎవరివో అద్దె ఒప్పందాల వెనక రాసిన మాటలే. రాసి గొడవపడటంలో ఒక సుఖముంది, గొంతు పెరగదు. ఒక చిక్కూ ఉంది, రాసిన మాట చెత్తబుట్టలో పడేదాకా అక్కడే ఉంటుంది.

ఆ భవనంలోనే మొదటి అంతస్తులో చెవిమిషన్లు అమ్మే క్లినిక్ పెట్టారు. యజమాని డాక్టరు కాడు గానీ తెల్లకోటు వేసుకుంటాడు. బాబాయి ఆయన్ని తెల్లకోటనే పిలిచేవాడు, వెనకాల. అక్కడ పరీక్ష చేసే మనిషి మాత్రం పని తెలిసినవాడు. పిన్ని రెండు చెవులూ చూసి బాబాయిని పక్కకి పిలిచి చెప్పాడు.

"రెండు చెవులకీ మిషన్లు కావాలండి. డబ్బుకి ఇబ్బందైతే కుడిదానితో మొదలుపెట్టండి. కానీ ఎడమదాన్ని ఏడాది దాటనివ్వకండి. ఎక్కువకాలం వినని చెవి మాటలు గుర్తుపట్టడం మర్చిపోతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదు మిషను పెట్టినా చప్పుడు తెలుస్తుందే గానీ మాట తెలీదు."

బాబాయి దగ్గర ఒక క్రెడిట్ కార్డుంది. రంగుల మిషనుకి డ్రమ్ము మార్చాల్సి వచ్చినప్పుడు తీసుకున్నది. దాని పరిమితి రెండు చెవిమిషన్లకి సరిగ్గా సరిపోతుంది, పైన ఒక పెన్ను కూడా రాదు. ఇప్పుడొకటి కొని, ఆరేడు నెలల్లో ఆ బాకీ తీర్చి, ఏడాది లోపల రెండోది కొనాలని మొగుడూ పెళ్లాలు తీర్మానించుకున్నారు. ఆ తీర్మానం కూడా ఎవరిదో జాతకం కాపీ వెనకే రాసుకున్నారు.

కొన్నరోజు క్లినిక్‌లో కౌంటరమ్మాయి కార్డు గీసింది. కార్డు మిషను కాసేపు గుడ్లు తేలేసి, ఏమీ చెప్పకుండా ఆగిపోయింది. "నెట్‌వర్క్ లేదు బాబాయ్, ఇంకోసారి" అని మళ్లీ గీసింది. ఈసారి రసీదు వచ్చింది. డెలివరీ ఫారం మీద బాబాయి నీలం సిరాతో సంతకం పెట్టాడు. మిషను సీరియల్ నంబరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

"అది పెట్టె తెరిచాక రాస్తాం లెండి. బాబాయ్, మా కాపీ మిషన్లో ఇంకు అయిపోయింది. కింద మీదే కదా షాపు, దీనికో కాపీ తీసి పెడతారా?"

అడిగింది ఆయన విద్యని. బాబాయి మెట్లు దిగి, అద్దం తుడిచి, కాగితం తూకం సరిపోయేది వెతికి, నీలం రంగు ఒక గీత పెంచి కాపీ తీశాడు. సంతకం తడి ఆరనట్టే వచ్చింది. ఎర్ర ముద్ర చేతిలోకి తీసుకున్నాడు కూడా. కానీ ముద్ర కొడితే ఆటేముంది? ముద్ర డ్రాయర్లో పడేసి, రెండు కాగితాలూ పైకి తీసుకెళ్లి ఆ అమ్మాయి ముందు పరిచాడు.

"చెప్పు చూద్దాం, ఇందులో అసలేది?"

ఆ అమ్మాయి అటు తిప్పి ఇటు తిప్పి, వేలితో గీకి, "అమ్మో బాబాయ్, మీరు నోట్లు కొట్టడం మొదలుపెడితే ఇక మమ్మల్ని గుర్తుపట్టరు!" అంది. బాబాయి రెండు కాగితాలూ ఆమె దగ్గరే వదిలేసి మెట్లమీద నవ్వుకుంటూ దిగాడు. ఆ నవ్వు ఖరీదు ఎంతో ఆయనకి నెల తర్వాత తెలిసింది.

ఆ నెల మాత్రం బాగానే గడిచింది. కుడిచెవికి మిషను పెట్టిన మొదటిరోజు పిన్ని అన్నం తింటూ తింటూ ఆగి మొగుడి వంక చూసింది.

"మీరింత చప్పుడు చేస్తూ నములుతారా?"

"ఎప్పుడూ ఇంతే."

"మరి ఈ ఏడేళ్లూ నేను అదృష్టవంతురాలిననీ నాకెవరూ చెప్పలేదేం?"

షాపులో ఎడంపక్క పీట ఇక ఖాయమైంది. ఇద్దరూ వీధివైపు మొహం పెట్టి కూచుంటే ఆమె కుడిచెవి ఆయన వైపుంటుంది. ఆయన మెల్లిగా గొణిగినా అందుతుంది. గొణగడం తగ్గించుకోవాల్సి వచ్చిందని బాబాయి వచ్చినవాళ్లందరికీ ఫిర్యాదు చేసేవాడు, మురిసిపోతూ. పెట్టెలో మిషన్లు పెట్టుకోడానికి రెండు గుంటలుండేవి. రోజూ సాయంత్రం ఒకదాంట్లో మిషను పెట్టి, ఖాళీగుంటని కొంగుతో తుడిచేది పిన్ని. దుమ్ము పట్టకూడదట.

నెలాఖరుకి కార్డు లెక్క వచ్చింది. క్లినిక్ పేరుతో రెండు వరసలు, ఒకే మొత్తం, రెండు నిమిషాల తేడా. కార్డు నిండుకుండలా ఉంది. బాబాయి పైకి పరిగెత్తాడు. "మొదటిది ఫెయిలైంది కదా బాబాయ్, దానంతటదే వెనక్కొస్తుంది, వారం ఆగండి" అంది కౌంటరమ్మాయి. వారం ఆగాడు. ఇంకో వారం ఆగాడు. దానంతటదే వచ్చేది ఈ లోకంలో వడ్డీ ఒక్కటే. అది వచ్చింది.

బ్యాంకుకి ఫిర్యాదు పెట్టాడు. ఒకే కొనుగోలుకి రెండుసార్లు కోశారని రాసి, తేదీ, సమయం అన్నీ జత చేశాడు. బ్యాంకు మర్యాదగా, ఆ రెండో మొత్తాన్ని విచారణ అయ్యేదాకా తాత్కాలికంగా జమ చేస్తున్నామని కబురు పంపింది.

"వచ్చిందిగా," అంది పిన్ని. "ఇంకో చోట రెండోది కొనేద్దాం."

"తాత్కాలికం అని రాశారే."

"మనమేమన్నా శాశ్వతమా?"

బాబాయి వినలేదు. ఖాయం కాని డబ్బు ముట్టుకోనన్నాడు. నియమం ఉన్న మగాడితో కాపురం చెయ్యడం ఎంత కష్టమో నియమాలు మెచ్చుకునేవాళ్లకి తెలీదు. వాళ్లు కాపురం చెయ్యరు కదా.

నలభై రోజులకి బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది. క్లినిక్ జవాబు ఇచ్చిందట: ఈయన కొన్నది రెండు మిషన్లు, రెండు చెవులకీ. రెండూ అందాయనడానికి సంతకాలతో రెండు డెలివరీ ఫారాలు. అభ్యంతరముంటే పదిరోజుల్లో ఆధారాలు పంపాలి.

బాబాయి ఆ రెండు ఫారాలూ ప్రింటు తీశాడు. ఒకదాని గడిలో ఒక సీరియల్ నంబరు, రెండోదాంట్లో ఇంకొకటి. మిగతాదంతా ఒకటే. తను తీసిన కాపీని తను గుర్తుపట్టడానికి ఆయనకి ఒక్క క్షణం పట్టలేదు.  రెండు కాగితాల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టుకున్నాడు. రెండు సంతకాలూ కలిసి ఒకటైపోయాయి. వంపు మీద వంపు, తోక మీద తోక, చివర పెన్ను జారిన చుక్క మీద చుక్క.

"దొరికాడు దొంగ!" అని కేకేశాడు. "బతికున్న మనిషి ఎవడూ రెండుసార్లు ఇలా సంతకం పెట్టలేడు. వెంట్రుకవాసి తేడా అన్నా ఉంటుంది. తేడా లేదంటే ఇది కాపీ!"

పిన్ని ఆ కాగితాల వంక చూసి ఒకే ప్రశ్న అడిగింది. "ఎర్ర ముద్ర ఏది?"

బాబాయి మిషన్లో కాగితాలు సర్దాడు, అవి సర్దే ఉన్నా.

బ్యాంకుకి నాలుగు పేజీలు రాసి, సంతకాలు పెద్దవి చేసి, ఎర్ర పెన్నుతో చుక్కలు కలిపి పంపాడు. మూడోరోజు ఫోనొచ్చింది. అవతల ఒక కుర్రగొంతు, చదివి చెప్తున్నట్టు.

"సార్, మీ లెటర్ చూశాం. రెండు ఫారాల మీదా సంతకాలు సరిపోలుతున్నాయి సార్."

"అదే కదయ్యా నేను చెప్పేది! మరీ సరిపోలుతున్నాయి!"

"అవును సార్. సరిపోలాలి కదా సార్. సరిపోలకపోతే మీకు అనుకూలంగా ఉండేది."

"బాబూ, ఒకటి అసలు, ఇంకోటి నకలు. అసలు కాగితాలు తెప్పించి చేత్తో తడిమి చూడండి. సిరా పెట్టిన చోట కాగితం నొక్కుకుని ఉంటుంది. కాపీ మీద నొక్కు ఉండదు."

"సార్, మా దగ్గరికి అన్నీ స్కాన్లే వస్తాయి సార్. అసలు అనేది మేం చూడం."

"మరి దేన్ని చూసి నిజం తేలుస్తారు?"

"అప్‌లోడ్ అయినదాన్ని సార్. ఒక్క మాట సార్, రెండో మిషను మీ దగ్గర లేదని ఏమైనా ప్రూఫ్ ఉందా?"

లేనిదానికి రుజువు! బాబాయి ఫోను పెట్టేసి, పెళ్లాం ఎడమచెవిని ఫోటో తీసి పంపాలా అని కాసేపు నిజంగానే ఆలోచించాడు. పంపాడు కూడా. అందినట్టు ఒక నంబరు వచ్చింది, అంతే.

గడువు ఇంకా ఐదు రోజులుందనగా తెల్లకోటు స్వయంగా మెట్లు దిగి షాపుకొచ్చాడు. చేతిలో కాపీకి కాగితమేమీ లేదు.

"బాబాయ్ గారూ, ఒకే కప్పు కిందున్నాం, మన మధ్య బ్యాంకెందుకండీ? నా స్టాకులో ఒక మిషను ఎక్కువ తేలుతోంది. ఆ రెండో ఫారం మీదున్న నంబరుదే. మా అమ్మాయి ఫారాలు రెండున్నాయి కదాని రెండు నంబర్లు వేసేసింది, పొరపాటు. ఇప్పుడే తెచ్చి పిన్నిగారి చెవికి పెట్టేస్తాను."

"పెట్టండి మరి."

"మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి. ఆరోజే రెండూ అందాయని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. ఇలాంటి ఫిర్యాదులు పేరుకుంటే నా కార్డు మిషను పీకేస్తారు."

"అందనిది అందిందని రాయమంటారు."

"రాసిన మరుక్షణం అందుతుందండీ."

"పొరపాటు మీది. మీరే బ్యాంకుకి రాయండి, పొరపాటున రెండుసార్లు తీసుకున్నామని. నేనెందుకు అబద్ధం రాయాలి? ముప్పై ఏళ్లుగా కాగితాల మీద బతుకుతున్నాను, కాగితం మీద అబద్ధం రాయలేదు. రాయను."

తెల్లకోటు పిన్ని వంక చూసి, "మీరైనా చెప్పండి" అని వెళ్లిపోయాడు. పిన్ని కుడిచెవికి అన్నీ స్పష్టంగా అందాయి.

"ఇస్తానన్నాడు కదా," అంది.

"దొంగ కాగితం రాయించుకుని ఇస్తాడట."

"కాగితం దొంగదైతే మిషను దొంగదవుతుందా? దాంట్లోంచి మాటలు తప్పుగా వినిపిస్తాయా?"

"నీకు అర్థం కాదు. ఇది న్యాయం. బ్యాంకు ఎప్పటికైనా తేలుస్తుంది."

"నాకు బాగానే అర్థమవుతుంది." పిన్ని లేచి డ్రాయరు లాగి మూడో ముద్ర తీసి బల్ల మీద పెట్టింది. సర్టిఫికెట్ కాపీల మీద 'నిజప్రతి' అని ధ్రువీకరించే ఒక రిటైరైన ఆఫీసరుగారి ముద్ర అది. "ఈ పెద్దాయన పోయి నాలుగేళ్లయింది. మొన్న కూడా ఎవరిదో డిగ్రీ కాపీ మీద ఈయన ముద్ర పడింది, కింద సంతకం కూడా పడింది. పైలోకం నుంచి వచ్చి పెట్టి వెళ్లాడా?"

"అది వేరు. అవి నిజం సర్టిఫికెట్లే. వాళ్లకి ఉద్యోగం గడువు దగ్గరపడితే, ఆఫీసర్ల వెంట తిరగలేక..."

"ఊళ్లోవాళ్ల గడువు కోసం చచ్చినాయన చేత సంతకం పెట్టిస్తారు. నా చెవి గడువు కోసం మీ సంతకం మీరు పెట్టరు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటే ఇదే."

బాబాయికి కోపమొచ్చింది. నిజమనిపించినప్పుడు మనిషికి వచ్చే కోపం. అసలు సంగతి ఆయనకి తెలుసు, మనకీ తెలుసు: ఆయన్ని ఆపింది సత్యం కాదు. ఆ రెండు కాగితాలూ అసలువేనని తన చేత్తో రాసిస్తే, తను తీసిన కాపీకి తనే ఓడిపోయినట్టు. ఎర్ర ముద్ర కొట్టని తప్పు శాశ్వతంగా తన సంతకం కింద ఉండిపోతుంది. దానికంటే న్యాయం అనే మాట వాడుకోవడం తేలిక. పెద్ద మాటలు ఉన్నది అందుకే, చిన్న సంగతులు దాచుకోడానికి.

"రాయను," అన్నాడు. "కష్టమైనా నిజం వైపే ఉంటాను."

"కష్టం ఎవరికండీ?" అంది పిన్ని. ఆ తర్వాత ఐదురోజులూ ఆ ఊసెత్తలేదు.

బ్యాంకు తీర్పు మూడు వాక్యాలు. వ్యాపారి సమర్పించిన పత్రాల ఆధారంగా రెండు వస్తువులూ అందినట్టు నిర్ధారణ అయింది. తాత్కాలిక జమ రద్దు చేయబడింది. ఈ నిర్ణయం తుది నిర్ణయం. మీ సహకారానికి ధన్యవాదాలు అని నాలుగో వాక్యం కూడా ఉంది, దాన్ని లెక్కలో వేసుకోనక్కర్లేదు.

ఆ ఉదయం బాబాయి మెట్లెక్కుతుంటే కింద నుంచి పిన్ని చూస్తూనే ఉంది. పైన తెల్లకోటు కుర్చీలోంచి లేవలేదు.

"ఆరోజు మీరన్నమాట..." బాబాయి గొంతు సవరించుకున్నాడు. "రాసిస్తాను. రెండూ అందాయని. ఆ మిషను ఇవ్వండి."

"ఇప్పుడు మీరు రాసేదేముంది బాబాయ్ గారూ, బ్యాంకే రాసేసింది కదా? మీకు రెండూ ఇచ్చామని తేల్చింది." తెల్లకోటు చేతులు చాచాడు. "రెండిచ్చినవాళ్లకి మూడోది ఎలా ఇస్తానండీ? నేను లెక్కలు చెప్పుకోవద్దా?"

"ఆ ఎక్కువ తేలిన మిషను?"

"అమ్ముడుపోయింది."

కౌంటరమ్మాయి కంప్యూటరులోకి తలవంచుకుని కూచుంది. బాబాయికి అరవాలనుంది. ఏమని అరుస్తాడు? ఈ భవనంలో ఆయన తరఫున సాక్ష్యం చెప్పే కాగితమంటూ ఒక్కటి లేదు, ఆయన చేతుల మీదుగా వచ్చినవే అన్నీ.

కిందికొచ్చి సంగతి చెప్పాడు. కుడిచెవి దగ్గరే నిలబడి, దాచకుండా చెప్పాడు. పిన్ని స్పైరల్ బైండింగు చేస్తున్న పుస్తకం ఆపకుండా చివరి చిల్లు దాకా తీగ ఎక్కించింది. కొసలు వంచింది. అట్ట మీద దుమ్ము దులిపింది.

"కార్డు బాకీ ఎప్పటికి తీరుతుంది?"

"ఏడాదిన్నర. వడ్డీతో."

"పరీక్ష చేసినాయన ఏడాదన్నాడు." అంతే అంది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాబాయికి బాగుండేది, ఆమెకది తెలుసు.

మర్నాడు ఆయన టీ తాగి వచ్చేసరికి పీట ఎడంపక్క లేదు. ఆయన కుడిపక్కన, మెట్ల వైపు ఉంది. పిన్ని దాని మీద వీధివైపు తిరిగి కూచుని రసీదులు సర్దుతోంది. ఆయన వైపు ఉన్నది ఎడమచెవి.

"గాలి రాదు అక్కడ," అన్నాడు బాబాయి.

పిన్ని ఇంకో రసీదు తీసింది.

"ఇటు రా," అన్నాడు. కొంచెం గట్టిగా మళ్లీ అన్నాడు. రంగుల మిషను కాగితం మింగుతూ కక్కుతూ చప్పుడు చేస్తోంది. ఆమె తల తిప్పలేదు.

బాబాయి చెడిపోయిన కాపీల కట్టలోంచి ఒకటి లాగాడు. దాని వెనక, కొన్ని నెలల తర్వాత, పెన్నుతో రాశాడు: 'తప్పు నాదే. ముద్ర కొట్టాల్సింది. తర్వాత అతనడిగినప్పుడు సంతకం పెట్టాల్సింది.' ఆమె చేతి కింద పెట్టాడు.

పిన్ని చదివింది. కాగితం తిప్పి అవతలి వైపు ఏముందో చూసింది, మళ్లీ ఇటు తిప్పింది.

"సంతకం లేదే," అని తిరిగిచ్చేసింది.

ఆయన పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మెట్ల మీంచి ఎవరో ఆడమనిషి మెల్లగా, ఇంకా నాలుగు మెట్లు పైన ఉండగానే, "పిన్నీ, ఈ కాగితం రెండు కాపీలు కావాలి" అంది.

"తెచ్చివ్వమ్మా," అంది పిన్ని వెంటనే. "సంతకమున్న కాగితమా? ఉంటే ముందే చెప్పు." చెయ్యి చాచి డ్రాయరు లాగి ఎర్ర ముద్ర తీసి తన పక్కన పెట్టుకుంది.